మనం వచ్చినప్పుడు ఇక్కడ ఏమీ లేదు

మా లాండ్రీ గదిలో ఒక పూర్వకాలపు గౌను వేలాడుతూ ఉంటుంది. దాని పక్కనే కుచ్చుల టోపీ, తెల్ల ఏప్రన్. శనివారం పొద్దున్నే మా అమ్మాయి అవన్నీ తగిలించుకుని, కాళ్ళకి మాత్రం స్పోర్ట్స్ షూ తొడుక్కుని, కాఫీ కప్పుతో కారెక్కుతుంది. మేం ఉండే బెంటన్‌విల్ నుంచి గంటన్నర డ్రైవ్ చేస్తే ఒక కొండ. దాని కొసన ఒక స్మారక స్తంభం, కాస్త కింద ఒక పాత దుంగల ఇల్లు. గుర్రపు బండిలో వచ్చి ఆ కొండమీద మొదట కాపురం పెట్టిన కుటుంబానిది ఆ ఇల్లు. ఇప్పుడు చూడటానికి జనం వస్తారు. వచ్చినవాళ్ళకి మా అమ్మాయి ఆ ఇంటి పెద్దకూతురి వేషంలో ఇల్లంతా తిప్పి చూపిస్తుంది. జీతం ఇవ్వరు. ఇచ్చినా పుచ్చుకునే హక్కు దానికి లేదు.

ఆ హక్కు సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత తికమక ఉండదు. మేం ఈ దేశం వచ్చేటప్పటికి అది చంకలో పిల్ల. మా ఆయనది ఉద్యోగం వీసా, నాదీ దానిదీ ఆయన వీసాకి కట్టిన తోకలు. తోక వీసా మీదున్న పిల్లలు జీతానికి పని చెయ్యకూడదు. గ్రీన్‌కార్డ్‌కి అప్లై చేసి క్యూలో నిలబడ్డాం. ఆ క్యూ కదలదు. పిల్లకి ఇరవై ఒకటి నిండితే అది ఇక పిల్ల కాదని ఇక్కడి రూలు. తోక తెంపేస్తారు, క్యూలోంచి కూడా పక్కకి లాగేస్తారు. మా అమ్మాయికి నవంబర్‌లో ఇరవై ఒకటి నిండుతాయి. స్టూడెంట్ వీసాకి మార్చమని పెట్టుకున్నాం. చదువయ్యాక ఈమె తన దేశానికి తిరిగి వెళ్తుందన్న నమ్మకం మాకు కలగలేదు అని కొట్టేశారు. తన దేశం అంటే ఎక్కడ అని అది మమ్మల్ని అడిగింది. ఇండియా వెళ్ళి అక్కడినుంచి మళ్ళీ అప్లై చేసుకోవాలి, వస్తుందో రాదో చెప్పలేను అన్నాడు లాయర్.

ఇదంతా మా అత్తగారికి చెప్పలేదు. ఆవిడ ఆగస్టులో నర్సాపురం నుంచి వచ్చారు. చెప్తే ఉపవాస ప్రార్థన మొదలుపెడతారు, ఆవిడతో పాటు అక్కడి చర్చి సంఘం మొదలుపెడుతుంది, ఆ తర్వాత నర్సాపురం నుంచి డల్లాస్ దాకా మా సంగతి తెలియని తెలుగు క్రైస్తవుడు మిగలడు. మా ఆయన భయం అది. అదును చూసి నేనే చెప్తానన్నాడు. ఆయనకి ఏ విషయంలోనూ అదును దొరికిన దాఖలా లేదు, కానీ నేను నోరు మూసుకున్నాను. నాకూ చెప్పబుద్ధి కాలేదు మరి. పైకి అంటే నిజమైపోతుందేమోనని ఒక పిచ్చి భయం.

అక్టోబర్‌లో ఒక శనివారం, మనవరాలి ఉద్యోగం చూడాలని ఆవిడ పట్టుబట్టారు.

"ఉద్యోగం కాదమ్మా, ఊరికే చేస్తోంది" అన్నాడు మా ఆయన.

"ఊరికే ఎవరన్నా చేస్తారేంట్రా? పిల్లదానికి రావలసింది సరిగ్గా ఇస్తన్నారో లేదో కనుక్కో."

ఆయన కనుక్కుంటానన్నాడు. నలుగురం ఒకే కారులో బయల్దేరాం. మా అమ్మాయి వెనక సీట్లో గౌను కుచ్చిళ్ళు మొత్తం పరుచుకుని కూర్చుంటే, పక్కన మా అత్తగారు ఒడిలో చేగోడీల డబ్బా పెట్టుకుని తలుపుకి అతుక్కుని కూర్చున్నారు. దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆగాం. టోపీ, ఏప్రన్ వేసుకుని పాప్‌కార్న్ కొంటున్న మా అమ్మాయిని ఎవరూ తల తిప్పి చూడలేదు. చీర కట్టుకున్న మా అత్తగారినే చూశారు.

ముందు స్తంభం దగ్గరికి వెళ్ళాం. నిలువెత్తు రాయి. ఆ కుటుంబం జ్ఞాపకార్థం తర్వాతి తరాలవాళ్ళు నిలబెట్టారట. చుట్టూ ఇనప కంచె, ఒక బల్ల, కిందికి చూస్తే ఎరుపెక్కుతున్న అడవి. జ్ఞాపకార్థాల గురించి మా అత్తగారికి ఒకరు చెప్పక్కర్లేదు. వాళ్ళ ఊరి చర్చిలో గోడగడియారం నుంచి ఫ్యాను రెక్కల దాకా అన్నిటిమీదా ఎవరో ఒకరి జ్ఞాపకార్థం అని రాసి ఉంటుంది. మా మామగారి జ్ఞాపకార్థం ఇచ్చిన ఫ్యాను స్పీడు పెంచితే చప్పుడు చేస్తుంది. ఆ సంగతి మాత్రం ఆవిడ చచ్చినా ఒప్పుకోరు.

రాయి మీద ఏముందో మా అమ్మాయి చదివి చెప్పింది. ఈ కొండమీదికి మొదట వచ్చినవాళ్ళు అని.

"వీళ్ళకి ముందు ఇక్కడ ఎవరూ లేరా?" అన్నారు ఆవిడ.

"ఉన్నారు మామ్మా. వాళ్ళని పంపించేశారు."

"ఎవరు?"

"గవర్నమెంట్."

"అయ్యో, పాపం. మరి వాళ్ళ పేర్లు వెయ్యలేదేం?"

"వెయ్యలేదు" అంది మా అమ్మాయి.

ఆవిడ కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నారు. అంటే ప్రార్థన అన్నమాట. ఆవిడ ప్రార్థనకి స్థలం, సమయం ఉండవు. ఎయిర్‌పోర్ట్‌లో సామాను బెల్టు ముందు కూడా చేశారు, మా పెట్టె వెళ్ళిపోయి మళ్ళీ ఒక చుట్టు తిరిగి వచ్చింది. ఆ ఇంటివాళ్ళ కోసం, వెళ్ళగొట్టబడినవాళ్ళ కోసం, కారు బ్రేకుల కోసం ప్రార్థించి చివర్లో "తండ్రీ, నా బిడ్డ బిడ్డను కూడా ఈ దేశములో స్థిరపరచుము" అన్నారు. నేను ఆమేన్ అన్నాను. మా ఆయన ఎప్పుడూ గొణుగుతాడు, ఆ రోజు గట్టిగానే అన్నాడు.

ఇంటి గడపలో అక్కడి బాధ్యత చూసుకునే పెద్దావిడ నిలబడి ఉంది. తెల్లజుట్టు, జీన్స్, మెడలో తాళాల గుత్తి. మా అత్తగారు రెండు చేతులూ జోడించి "వందనాలండీ" అని చేగోడీల డబ్బా అందించారు. పెద్దావిడ ఒకటి తీసుకుని చుట్టూ తిప్పి చూసి, దీన్ని కొరకాలా అని మా అమ్మాయిని అడిగింది. కొరకాలంది. ఆ తర్వాత ఆవిడ డబ్బా కింద పెట్టలేదు.

అప్పటికి వేరే చూసేవాళ్ళెవరూ లేరు. తెలుగులో చెప్పవే అన్నారు మా అత్తగారు. మా అమ్మాయి ప్రతి శనివారం గడగడా అప్పజెప్పేది ఇంగ్లీష్‌లో. తెలుగులో ఎప్పుడూ చెప్పలేదు. అయినా సరే అంది. నేనే ఆపి ఉండాల్సింది, ఎందుకంటే దాని తెలుగులో ఒక పెద్ద లోటుంది. దానికి 'మేము' లేదు. అన్నిటికీ 'మనం' ఒక్కటే. ఇంగ్లీష్‌లో రెండిటికీ ఒకే మాట కదా, ఆ ఒక్క మాటకి ఎప్పుడో 'మనం' తగిలించుకుంది, అక్కడితో సరి. ఒకసారి చర్చిలో ఒక ఆంటీతో "మనం రేపు కాపెల్ వెళ్తున్నాం ఆంటీ" అంటే, పాపం ఆవిడ ఎన్నింటికి రెడీగా ఉండమంటారు అని నాకు ఫోన్ చేసింది. కాపెల్‌లో మా ఆడపడుచు ఇంటికి మేం ముగ్గురం వెళ్తున్నాం. ఆవిణ్ణి రావద్దని ఎలా చెప్పాలో తెలియక నానా తంటాలు పడ్డాను.

దీనికి తోడు అక్కడి పద్ధతి ఒకటుంది. వేషం వేసుకున్నాక 'వాళ్ళు' అనకూడదు. ఆ ఇంటి మనిషి మాట్లాడినట్టే మాట్లాడాలి. మా అమ్మాయి గౌను సర్దుకుని, చేతులు ముందుకి కట్టుకుని మొదలుపెట్టింది.

"మనం వచ్చినప్పుడు ఇక్కడ ఏం లేదు మామ్మా. ఓన్లీ చెట్లు. నాన్న చెట్లు కొట్టింది, ఈ ఇల్లు కట్టింది."

"కట్టాడు అనాలి" అన్నారు మా అత్తగారు.

"కట్టాడు."

ఆవిడ కొడుకు వంక చూశారు. మా ఆయన గోడకి మేకు కొట్టాలంటే ఇద్దర్ని పిలుస్తాడు. ఆవిడ నమ్మలేదని మొహంలోనే తెలుస్తోంది.

"మనకి ఫస్ట్ వింటర్ చాలా కష్టం. ఫుడ్ లేదు. నాన్న గుర్రం అమ్మేశాడు. అమ్మ రోజూ మొక్కజొన్న గంజి చేసింది. ఇదిగో ఈ ఊయల్లో మన తమ్ముడు చనిపోయాడు."

మా అత్తగారు గభాలున నా చెయ్యి పట్టుకున్నారు. అప్పటికే ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

"అమ్మాయ్! ఎప్పుడు? నాకు మాటమాత్రం చెప్పలేదేంటి?"

"అయ్యో, అత్తయ్యగారూ, మనం కాదు. వాళ్ళు."

"మన తమ్ముడందిగా?"

"అది మన మనం కాదు. వాళ్ళ మనం."

ఆవిణ్ణి ఊయల పక్కనున్న చిన్న బల్ల మీద కూర్చోబెట్టాం. అది ఎవరూ కూర్చోకూడని బల్ల, తాడు కట్టి ఉంది. పెద్దావిడ చూసి కూడా లేపలేదు, మంచినీళ్ళు తెచ్చింది. మా అమ్మాయి సారీ మామ్మా, సారీ అంటూ ఆవిడ వీపు నిమిరింది.

"గుండె ఆగిపోయింది కదే. వాళ్ళు అనొచ్చుగా, నోరు పోయిందా?"

"అనకూడదు మామ్మా. నేను వాళ్ళ డాటర్."

"సరే తల్లీ. వాళ్ళ కూతురివే. చెప్పు, తర్వాతేమైంది?"

తర్వాత భూమి కథ. ప్రభుత్వం భూమి ఊరికే ఇచ్చేదట. అప్లై చేసుకుని, ఇల్లు కట్టుకుని, సాగు చేసుకుంటూ ఐదేళ్ళు అక్కడే ఉంటే, ఆ భూమి వాళ్ళ పేర రాసిచ్చేవారట.

మా ఆయన అంతవరకు ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ మాట వినగానే ఫోన్ జేబులో పెట్టాడు.

"మధ్యలో వేరే ఊరు వెళ్ళొచ్చా?"

"ఆర్నెల్లకంటే ఎక్కువ వెళ్తే క్యాన్సిల్."

"భూమి మారితే?"

"మళ్ళీ ఫస్ట్ నుంచి."

"ఐదేళ్ళున్నట్టు ప్రూఫ్?"

"ఇద్దరు నైబర్స్ చెప్పాలి."

"అంతేనా? వేరే దేశంవాళ్ళయితే?"

"సిటిజన్ అవుతాను అని చెప్తే చాలు నాన్నా. అవ్వక్కర్లేదు. అవుతాను అని చెప్తే చాలు."

ఆయన మొహం చూడాలి. ఆకలితో ఉన్నవాడికి పక్కింటి భోజనం గురించి చెప్తున్నట్టుంది. ఇంకా ఏదో అడగబోయాడు. ఈ లోపల మా అత్తగారు లెక్కలు వేసుకున్నారు.

"ఒరేయ్ అబ్బాయ్. ఐదేళ్ళుంటే కొండ రాసిచ్చేసేరా?"

"ఆ రోజుల్లోనమ్మా."

"నువ్వొచ్చి ఇన్నేళ్ళయింది కదరా. నీకేమిచ్చారు?"

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఆ ఇంట్లో నేను నవ్విన ఆఖరిసారి అది.

ఎందుకంటే మా అమ్మాయి వెనక కిటికీ దగ్గరికి నడిచింది. దాని అప్పజెప్పుడు ఎప్పుడూ ఆ కిటికీ దగ్గరే ముగుస్తుంది. ఇంగ్లీష్‌లో నేను రెండుసార్లు విన్నాను. బయట ఏటవాలుగా గడ్డినేల కనిపిస్తుంది, దాన్ని చూపిస్తూ చెప్పాలి. అది అలవాటుకొద్దీ చెయ్యి చాపింది.

"అక్కడ చూడు మామ్మా. ట్వంటీవన్ అయితే ఎవరైనా అప్లై చేయొచ్చు. అమ్మాయిలు కూడా. నాకు ఇరవై ఒకటి నిండగానే, నాన్న భూమి పక్కన నేను..."

అక్కడ ఆగిపోయింది. చెయ్యి ఇంకా చాపే ఉంది. ఇంగ్లీష్‌లో ఎన్ని శనివారాలు చెప్పిందో ఆ మాట, ఎప్పుడూ ఆగలేదు. లాయర్ చెప్పినరోజు కూడా అది ఏడవలేదు, మా ముందు. ఆ కిటికీ దగ్గరా ఏడవలేదు. ఊరికే ఆగిపోయింది.

"నిండగానే?" అన్నారు మా అత్తగారు. "నవంబర్‌లో నీక్కూడా నిండుతున్నాయి కదే."

అది వాళ్ళ నాన్న వంక చూసింది. ఆయన పొయ్యి వంక చూస్తున్నాడు. ఆ పొయ్యిలో నిప్పుండదు, బల్బు పెట్టారు. ఆయనకి కావలసిన అదును అదే, ఇంతకంటే అదును ఆకాశం నుంచి దిగిరాదు. ఆయన చూపు ఆ బల్బు మీంచి కదల్లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనైనా చెప్పాలి కదా, నేనూ పొయ్యి వంకే చూశాను.

"నాకు నిండగానే వెళ్ళిపోవాలి మామ్మా" అంది మా అమ్మాయి.

"ఎక్కడికి?"

"ఇండియా."

"దేనికి?"

"ఇక్కడ ఉండకూడదు. ట్వంటీవన్ అయితే నేను వీళ్ళ పిల్ల కాదు."

"ఎవడాడు అన్నది?"

మా అత్తగారు లేచి నిలబడ్డారు. ఏడుస్తారనుకున్నాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు దులుపుకుని నేరుగా గడప దగ్గరున్న పెద్దావిడ దగ్గరికి వెళ్ళారు. ఆవిడకి ప్రభుత్వంతోనూ వీసాలతోనూ ఏ సంబంధమూ లేదు, కానీ మెడలో తాళాలున్నాయి. మా అత్తగారి దృష్టిలో తాళాలున్నవాళ్ళే అధికారులు.

"ఆవిడకి చెప్పవే. ఇది ఇక్కడ పెరిగిన పిల్ల అని చెప్పు. అక్కడ దీనికి ఎవరూ లేరని చెప్పు. ఆటోవాడితో మాట్లాడ్డం కూడా రాదని చెప్పు. మీ కొండంతా కంఠతా పట్టింది కదండీ, అలాంటిదాన్ని పంపేస్తారా అని అడుగు."

మా అమ్మాయి పెద్దావిడ వైపు తిరిగి, టోపీ నాడా సర్దుకుని, మా మామ్మకి మీ ఇల్లు చాలా నచ్చిందట అని ఇంగ్లీష్‌లో చెప్పింది.

ఆవిడ పొంగిపోయింది. మా అత్తగారి చేతులు రెండూ పట్టుకుని, మీ మనవరాలు మా ఇంటి మనిషే, వచ్చే వేసవికి దీనికి తల్లి వేషం ఇద్దామనుకుంటున్నాను అంది.

"ఏమంటంది?" అన్నారు మా అత్తగారు.

"నన్ను పంపించదట" అంది మా అమ్మాయి.

"చూశావా? అడిగితేనే కదా! మీరు అడగరు, నోట్లో నాలుక లేని సంత" అని మా ఇద్దర్నీ కడిగేసి, పెద్దావిడకి మళ్ళీ వందనాలు చెప్పి, ఖాళీ డబ్బా వెనక్కి తీసుకున్నారు ఆవిడ. నేను గోడ వైపు తిరిగి అక్కడున్న పెనాలన్నీ ఒక్కొక్కటే చూశాను. కళ్ళు తుడుచుకుంటూ చూస్తే ఒక్క పెనానికే చాలా సేపు పడుతుంది.

సాయంత్రం దాకా మా అమ్మాయి ఇంకా కొన్ని గుంపులకి ఇల్లు చూపించింది. మేం కారులో కూర్చున్నాం. తిరుగు ప్రయాణంలో మా ఆయన నోరు విప్పాడు. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, మొదట్నించీ చివరిదాకా, ఆఫీసు మీటింగ్‌లో చెప్పినట్టు చెప్పాడు. పెద్దావిడ ఆపగలిగేది ఏమీ లేదని కూడా చెప్పాడు. మా అత్తగారు మొత్తం విన్నారు. ఉపవాసం ఊసు ఎత్తలేదు.

"మరి మీరు?" అన్నారు.

"మాకు ఫర్వాలేదమ్మా. మేం ఉండొచ్చు."

"ఉంటారా?"

ఆ ప్రశ్న మేమిద్దరం ఒకరినొకరం అడగలేదు. రాత్రిళ్ళు ఇద్దరం మెలకువగానే ఉంటాం, అడగం. నేను లేవడం ఆయనకి తెలుసు, ఆయన లేవడం నాకు తెలుసు.

"ఉండాలి మామ్మా" అంది మా అమ్మాయి వెనకనుంచి. "నేను వస్తాను కదా, చూడ్డానికి. విజిటర్ వీసా మీద. నువ్వు వచ్చినట్టు."

"ఇస్తారా?"

"ఏమో. ఇస్తే."

అప్పుడు మా అత్తగారు దాని వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నారు. విజిటర్ వీసా గురించి మా కుటుంబంలో ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆవిడకి ముందు రెండుసార్లు లేదు పొమ్మన్నారు, మూడోసారి ఇచ్చారు. ఏ జవాబుకి పోయింది, ఏ జవాబుకి వచ్చింది అన్నీ ఆవిడకి గుర్తే.

"ఎక్కువ మాట్లాడకు. అడిగినదానికే చెప్పు. వీసా ఆఫీసరు గాజు వెనకాల ఉంటాడు, మైకులో వినిపిస్తది. అమెరికాలో నీకెవరున్నారు అంటాడు, ఏమంటావ్?"

"అమ్మ, నాన్న."

"ఎందుకెళ్తున్నావ్?"

"చూడ్డానికి."

"చూసి?"

"వచ్చేస్తా."

"వచ్చేస్తా అంటే నమ్మడు. ఉండిపోతావని ఆడి అనుమానం. నాకు అమెరికాలో ఏం పని లేదండీ, నా ఇల్లూ వాకిలీ ఇక్కడే అండీ అను. ఇండియాలో నిలబడి అంటన్నట్టు అను."

ఆవిడ నోరు మూయించాలనిపించింది నాకు. కానీ ఆవిడ చెప్తున్న ప్రతి మాటా నిజం. దానికి పనికొచ్చే మాట ఆ రోజు మా అందరిలోనూ ఆవిడ ఒక్కరే చెప్పారు. మా ఆయన కారు మా వీధిలోకి తిప్పాడు. గ్యారేజ్ తలుపు మెల్లగా పైకి లేస్తోంది.

"నాకు అమెరికాలో ఏం పని లేదండీ" అంది మా అమ్మాయి. "నా ఇల్లూ వాకిలీ ఇక్కడే అండీ."

"ఇంకోసారి" అన్నారు మా అత్తగారు. "నమ్మేలా చెప్పు."